మావయ్య కట్టిన గడియారం

ఫిబ్రవరి ఇరవై రెండు, ఆదివారం. ఆ పొద్దున నేను మూడు గుడ్లు ఉడకబెట్టాను. మా బావమరిది నాలుగు గుడ్లు కొట్టి ఆమ్లెట్టు వేశాడు. మా అమ్మాయి ఆమ్లెట్టు తింది.

ఇంత చిన్న సంగతిని తేదీతో సహా గుర్తుపెట్టుకున్నవాణ్ణి చూసి నవ్వొచ్చు. నవ్వండి. ఈర్ష్య ఉన్నవాడికి మతిమరుపు ఉండదు.

"నీళ్ళలో దిగేముందు నూనె వస్తువు తినకపోతే ఏం పిచ్చుకా," అన్నాను. మా అమ్మాయిని చిన్నప్పట్నుంచీ నేను పిచ్చుక అనే పిలుస్తాను. ఇప్పుడు నాకన్నా రెండంగుళాలు పొడుగు.

"చుక్క నూనె వేశాను బావా," అన్నాడు బావమరిది పెనం నా ముందుకు వంచి చూపిస్తూ. "నీ గుడ్లు చూడు, కాపురం పాడైనవాళ్ళలా ఎలా కూచున్నాయో."

అమ్మాయి పకపకా నవ్వింది. నా మూడు గుడ్లూ నేనే తిన్నాను.

ఆ రోజు అమ్మాయికి డైవింగ్ శిక్షణలో ఆఖరి రోజు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి సముద్రంలోకి దిగాలి. రెండూ సరిగ్గా పూర్తయితే ఇక ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, ఓ తోడు మనిషితో ఏ సముద్రంలోనైనా దిగొచ్చు. అంటే నా పాఠాలతో ఆ పిల్లకి అవసరం తీరిపోయేది ఆ రోజుతోనే. ఆ అవసరం నెల్లాళ్ళ ముందే తీరిపోయిందేమోనన్నది నా బాధ.

నా పని గురించి చెప్పాలి. మా తీరంలో డైవింగ్ నేర్పే బడి ఒకటుంది. కొత్తవాళ్ళకి అక్కడ పాఠం చెప్పేది నేను. నీళ్ళలో కాదు, గదిలో. కాలేజీలో ఫిజిక్సు చదువుకున్నాను, నీళ్ళంటే భయం. పెళ్ళయ్యాక మా ఆవిడే నా చెయ్యి పట్టుకుని సముద్రంలోకి దింపింది. ఆవిడ అదే బడిలో నేర్పేది. ఆ తర్వాత కొన్నేళ్ళకి నా ఎడమ చెవి దెబ్బతిని, ఇక లోతుకి వెళ్ళొద్దన్నారు డాక్టర్లు. మరికొన్నేళ్ళకి ఆవిడే జబ్బుచేసి పోయింది. నాకు మిగిలినవి పాఠాల గది, పడవ అంచు, ఆవిడ వాడిన ప్లాస్టిక్ కార్డు.

ఆ కార్డునే డైవ్ టేబుల్ అంటారు. అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. మీద గళ్ళు గీసి అంకెలుంటాయి. ఎంత లోతుకి వెళ్తే ఎంతసేపు ఉండొచ్చో చెబుతుంది. కొత్తవాళ్ళకి నేను నానబెట్టిన శనగల కథ చెబుతాను. నీటి అడుగున పీల్చిన గాలిలోని నైట్రోజన్ మనిషి ఒంట్లో నానుతుంది. నానిన శనగల్ని తీసి గట్టుమీద పోయగానే ఎండిపోతాయా? మనిషీ అంతే. పైకొచ్చి అరటిపండు తింటున్నా, జోకులేస్తున్నా ఆ నాను ఒంట్లోనే ఉంటుంది. అది పూర్తిగా తీరకుండా రెండోసారి దిగితే, మొదటిసారి ఉన్నంతసేపు ఉండకూడదు. హద్దు దాటి ఉండి నేరుగా పైకొచ్చేస్తే ఒంట్లో బుడగలు లేస్తాయి. కీళ్ళు మెలిపెడతాయి. నడుం కింద చచ్చుబడినవాళ్ళూ ఉన్నారు.

మా బావమరిది, అంటే ఆవిడ తమ్ముడు, ఎన్నో సముద్రాలు తిరిగి ఆ ఏడాదే మా బడిలో చేరాడు. మా ఇంట్లోనే ముందుగదిలో ఉండేవాడు. శిష్యులు అతన్ని చేప మాస్టారనేవాళ్ళు. నేను కార్డు మాస్టార్ని. ఓ రోజు నేను పాఠం చెబుతుంటే చేతిలో పెట్టెతో తలుపు తోసుకుని వచ్చాడు.

"బావా, పది నిమిషాలు నీ పిల్లల్ని అప్పివ్వు."

పెట్టెలో మూడు డైవ్ కంప్యూటర్లున్నాయి. చూడ్డానికి లావుపాటి చేతి గడియారాలు. మూడింటికీ నారింజరంగు పట్టీలే. మా అమ్మాయికి నారింజరంగంటే ఇష్టం. దానికొక్కదానికే ఆ రంగు తెస్తే మిగతావాళ్ళు చిన్నబుచ్చుకుంటారని మూడూ ఒకేలా తెచ్చాడట. వాళ్ళ వంశమే అంత. మా ఆవిడ కూడా ఇంటికి ఎవరొచ్చినా ఒకే కొలత గ్లాసుల్లో టీ పోసేది.

"బావ చెప్పే కార్డు గుత్తబేరం లాంటిది," అని మొదలుపెట్టాడు. "మీరు పద్దెనిమిది మీటర్ల లోతుకి అలా వెళ్ళి ఇలా వచ్చేసి, మిగతా సేపంతా పది మీటర్ల దగ్గర చేపలతో కబుర్లాడారనుకోండి. కార్డు ఒప్పుకోదు. మొత్తం పద్దెనిమిదిలోనే ఉన్నావు, కట్టు అంటుంది. ఇది ఆటో మీటరు లాంటిది. ఎక్కడ ఎంతసేపున్నారో క్షణక్షణం చూసుకుంటూ లెక్క కడుతుంది. అందుకే ఎక్కువసేపు ఉండనిస్తుంది."

"మీటరు ఆగిపోతే?" అన్నాను.

"కార్డు చేతిలోంచి జారిపోతే?"

"పైకి తేలుతుంది."

"నిజమే బావా. కార్డు పైకి తేలుతుంది. మనిషి కిందుంటాడు."

గది గొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది మా అమ్మాయి. అతను చెప్పినదాంట్లో తప్పేం లేదు. కార్డు మొరటుది, కంప్యూటరు సూక్ష్మమైనది, రెండూ తెలిసినవాడికి భయం తక్కువ అని నేనే ఎన్నోసార్లు క్లాసులో చెప్పాను. కానీ అదే మాట అతని నోట్లోంచి వచ్చేసరికి నాకు చేదుగా అనిపించింది.

అసలు సంగతి వేరే ఉంది. మా ఆవిడ నవ్వితే ఎడమచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేది. ఆ నవ్వు, ఆ చెయ్యి అచ్చు గుద్దినట్టు తమ్ముడికి వచ్చాయి. మా అమ్మాయి పనిగట్టుకుని అతన్ని నవ్వించేది. చెయ్యి నోటికి వెళ్ళేదాకా వదిలేది కాదు. వెళ్ళాక కాసేపు ఊరికే చూస్తూ ఉండేది. అప్పుడు నేను గదిలో ఉన్నా లేనట్టే. నా దగ్గర ఉన్నది వాళ్ళమ్మ కార్డు. అతని దగ్గర ఉన్నది వాళ్ళమ్మ నవ్వు. ఇంక నేనేం పోటీ పడతాను?

ఆ ఆదివారం ఇంట్లోంచి బయల్దేరుతుంటే కార్డు తలుపు పక్క మేకుకి వేలాడుతోంది. అమ్మాయి దాన్ని దాటి వెళ్ళిపోయింది.

"పిచ్చుకా, కార్డు."

"ఇవాళ వద్దులే నాన్నా. చేతికి ఇదుందిగా."

మేకు మీంచి తీసి నా చొక్కా జేబులో వేసుకున్నాను.

పడవలో అయిదుగురం. మేం ముగ్గురం, పడవ నడిపే సరంగు, మా అమ్మాయితో పాటే శిక్షణ పొందుతున్న పళ్ళడాక్టరు. డాక్టరుగారిది భారీ మనిషి, పిల్లాడి మొహం. ఆయన చేతికీ నారింజరంగు గడియారమే. మూడోది మా బావమరిది చేతికుంది.

దిగేముందు గడియారం మీట నొక్కితే ఏ లోతులో ఎంతసేపు ఉండొచ్చో చూపిస్తుంది. అమ్మాయి పైకి చదివింది. "పద్దెనిమిది మీటర్లకి యాభైమూడు నిమిషాలు!"

"నాదీ యాభైమూడే," అన్నారు డాక్టరుగారు.

"బ్యాటరీ చూశావా?" అన్నాను మా బావమరిదితో.

"నిండుగా ఉంది బావా."

కాసేపాగి, "నీళ్ళలో తెర మసకబారదు కదా?" అన్నాను.

"బారదు బావా."

"ఉప్పు పట్టి మీటలు బిగుసుకుపోతాయంటారు."

సరంగు చుక్కాని వదలకుండానే తల తిప్పాడు. "మాస్టారూ, అంతలా చూస్తే ఆ గడియారం సిగ్గుపడి ఆగిపోతుందండీ."

అమ్మాయి నవ్వలేదు. "నాన్నా, ప్లీజ్," అంది మెల్లగా. ఆ గొంతులో విసుగుంది. విసుక్కున్నా నాతోనే కదా అని సరిపెట్టుకున్నాను.

ఈలోగా అలలు డాక్టరుగారి పని పట్టాయి. పడవ అంచు పట్టుకుని వంగిపోయారు. "ఎంతమంది నోళ్ళు తెరిపించానో మాస్టారూ, నా నోరు మాత్రం మూతపడటంలేదు," అన్నారు పాపం, మధ్యలో ఊపిరి తీసుకుంటూ. చేతి గడియారం కూడా పాడైంది. సరంగు దాన్ని విప్పి మంచినీళ్ళ తొట్టిలో పడేశాడు. నీళ్ళలోంచి వచ్చాక అందరూ సామాను ఆ తొట్టిలోనే కడుగుతారు. డాక్టరుగారు పొద్దుటిపూట దిగరని తేలిపోయింది.

అమ్మాయీ మావయ్యా వెనక్కి వాలి నీళ్ళలోకి జారారు. బుడగలు పైకి వచ్చాయి. నేను పడవ పక్కనున్న మెట్టు మీద కూచుని కాళ్ళు నీళ్ళలో వేలాడేశాను. నీళ్ళు చల్లగా, హాయిగా ఉన్నాయి. బుడగలు రెండు గుంపులుగా వస్తాయి. వాటిలో మా అమ్మాయివి ఏవో నేను చెప్పగలను. కంగారు మనిషి, బుడగలు దగ్గర దగ్గరగా వస్తాయి. వాళ్ళమ్మవి తాపీగా వచ్చేవి.

పైకొచ్చాక పిల్ల మొహం చూడాలి. "మావయ్యా, ఆ చాపలా పరుచుకున్న చేప! ఇసకలోంచి లేచింది చూశావా! మావయ్యా, నువ్వు నా చెయ్యి పట్టుకోకపోతే అరిచేసేదాన్ని!" అన్నీ మావయ్యకే చెబుతోంది. అతను పక్కనే ఉండి చూశాడు. చూడనివాణ్ణి నేను. గడియారం విప్పి తొట్టిలో పడేసి, తల తుడుచుకుంటూ మళ్ళీ అదే చేప కథ మొదట్నుంచి ఎత్తుకుంది.

నేను జేబులోంచి కార్డు తీసి, ఎవరికీ కనబడకుండా మోకాలి మీద పెట్టుకుని, వాళ్ళు వెళ్ళిన లోతూ ఉన్న సమయమూ బట్టి రెండోసారికి ఎంత మిగులుతుందో లెక్క కట్టుకున్నాను. ఎవరూ అడగలేదు. పెళ్ళికి పిలవకపోయినా అక్షింతలు జేబులో వేసుకెళ్ళే చుట్టంలా ఉన్నాను.

గంట పైన విశ్రాంతి. బ్రెడ్డు, అరటిపళ్ళు తిన్నాం. గాలి తగ్గింది. డాక్టరుగారు లేచి కూచుని, "ఇప్పుడు నేను సింహాన్ని," అని ప్రకటించారు. ఈసారి ఆయనా దిగుతారు.

మా బావమరిది తొట్టిలో చెయ్యిపెట్టి రెండు గడియారాలూ తీశాడు. ఒకదాన్ని చొక్కా అంచుతో తుడిచి, తెర మీద నోటితో ఊది, "చెయ్యివ్వు," అన్నాడు మేనకోడలితో.

అమ్మాయి చెయ్యి చాచింది. అతను పట్టీ బిగించి, బిగువు సరిపోయిందో లేదోనని పట్టీ కింద వేలు పెట్టి చూశాడు. బడికి వెళ్ళే రోజుల్లో ఈ పిల్ల బూట్లకి వాళ్ళమ్మ సరిగ్గా అలాగే వేలు పెట్టి చూసేది. ఆ వేలుని ఎక్కువసేపు చూడలేకపోయాను. అటు తిరిగి సముద్రాన్ని చూశాను. రెండోదాన్ని డాక్టరుగారి చేతికి కట్టాడు.

"నాన్నా!" అని పిలిచింది అమ్మాయి. ప్రాణం లేచొచ్చింది. "పద్దెనిమిదికి యాభైమూడు ఇస్తోంది. నీ కార్డైతే ఎంతిచ్చేదో?"

"ఇరవై చిల్లర," అన్నాను.

"పిసినారి కార్డు!"

"నే చెప్పలా," అన్నాడు మావయ్య. నోటికి ఎడమచెయ్యి అడ్డం వెళ్ళింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

అడిగినదానికన్నా ఎక్కువిచ్చేవాళ్ళంటేనే పిల్లలకి ఇష్టం. అతనూ అంతే, అతని గడియారమూ అంతే, ఇస్తూనే ఉంటాయి. వద్దనేవాణ్ణి, ఆపేవాణ్ణి నేనొక్కణ్ణే. ఇలా అనుకుంటూ కుములుతున్నాను. కుమిలేవాడికి ఎదురుగా ఉన్నది కనిపించదు. యాభైమూడు అన్న అంకె చెవిలో పడింది కానీ బుర్రలోకి దిగలేదు.

డాక్టరుగారు నా భుజం తట్టారు. "మాస్టారూ, నా గడియారానికి నామీద అలకొచ్చింది. పొద్దున నాకూ యాభైమూడే ఇచ్చింది కదా? ఇప్పుడు ముప్ఫైనాలుగు అంటోంది. నేను నీళ్ళలోకి వెళ్ళింది లేదు. నాలోంచి నీళ్ళలోకి వెళ్ళినవే తప్ప."

"అవి కూడా లెక్కలో వేసుంటుంది డాక్టరుగారూ," అన్నాడు సరంగు.

పడవంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వు సగంలో ఆగిపోయింది.

నీళ్ళలోకే దిగని మనిషికి కోత పడింది. దిగి వచ్చిన మనిషికి కోత లేదు. పొద్దుటి అంకే పొల్లుపోకుండా మళ్ళీ ఇచ్చింది. కార్డైనా కంప్యూటరైనా రెండోసారికి తగ్గించాలి. ఎంత తగ్గించాలన్న దగ్గరే వాటికి తేడా. అసలు తగ్గించకుండా ఉండవు. గడియారానికి మనిషి తెలీదు. తను ఏ చేతికి ఉండి దిగిందో ఆ నానే దానికి తెలుసు. మా అమ్మాయి నాను ఇప్పుడు డాక్టరుగారి చేతికుంది. మా అమ్మాయి చేతికున్న గడియారం ఆ పొద్దున మంచినీళ్ళ తొట్టిలో తప్ప ఇంకెక్కడా మునగలేదు.

తల తిప్పేసరికి అమ్మాయి పడవ అంచున కూచుని ముఖానికి డైవింగ్ అద్దం తగిలించుకుంటోంది.

"ఆగు!" అన్నాను. "దిగొద్దు. ఆ గడియారం తప్పు."

అద్దం నుదుటి మీదికి లాక్కుంది. "మళ్ళీనా నాన్నా?"

"బావా." మా బావమరిది గొంతులో హాస్యం లేదు. "పొద్దున బ్యాటరీ అన్నావు. తర్వాత మసక అన్నావు. తర్వాత ఉప్పన్నావు. ఇంకేం మిగిలింది? నామీద కోపముంటే ఇంటికెళ్ళాక తిట్టు, పడతాను. పిల్లని మాత్రం మనసు నెమ్మదిగా దిగనివ్వు."

"అది కాదురా..."

"దిగు పిచ్చుకా," అన్నాడు అతను. నా పిలుపు కూడా తీసేసుకున్నాడు.

అమ్మాయి అద్దం మళ్ళీ కిందికి దించుకుంది. పులి రాకముందే పులి పులి అని అరిచినవాడి గతి నాది. నిజంగా పులొచ్చేసరికి నా గొంతుకి విలువ లేకుండా పోయింది. ఇంక ఎంత గట్టిగా అరిస్తే అంత ఓర్వలేనితనంగా కనిపిస్తుంది. ఆ పడవలో నా మాట నమ్మేవాళ్ళు లేరు. ఎవరి మాట నమ్ముతారు?

"నన్ను నమ్మకమ్మా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఆ గడియారాన్నే అడుగు. పొద్దున ఎంత లోతుకెళ్ళావో అదే చెబుతుంది. దాని మాటే విను."

అమ్మాయి నావంక ఓ క్షణం చూసింది. దాని మాట వినమని నేను చెప్పడం అదే మొదటిసారి. ఆ ఆశ్చర్యం వల్లే అనుకుంటాను, మీట నొక్కింది. మళ్ళీ నొక్కింది.

"మావయ్యా, పొద్దుటిది లేదు," అంది. "పోయిన వారం దిగినదేదో చూపిస్తోంది. ఇవాళ ఏం లేదు."

మా బావమరిది ఒక్క అంగలో డాక్టరుగారి దగ్గరకెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని తిప్పాడు. మీట నొక్కి చూశాడు. పొద్దుటి లోతు, పొద్దుటి సమయం, అన్నీ ఆ చేతికే ఉన్నాయి.

యాభైమూడు నిమిషాలు. పిల్ల దాన్ని నమ్మి అంతసేపూ కింద ఉండేది. మొదటిసారి నాను మీద రెండోసారి నాను. చేప వెనక చేపని చూసుకుంటూ ఉండి, నవ్వుతూ నేరుగా పైకొచ్చేది. ఆ తర్వాత ఏమయ్యేదో నేను క్లాసులో బొమ్మలు గీసి మరీ చెబుతాను.

మా బావమరిది బల్ల మీద కూలబడ్డాడు. "నేనే కట్టాను బావా," అన్నాడు. "నా చేత్తో నేనే కట్టాను."

నెల్లాళ్ళుగా నా దగ్గర దాచిపెట్టుకున్న మాటలు కొన్నున్నాయి. పదునైనవి. మీటరు గురించి, గుత్తబేరం గురించి, మూడూ ఒకేలా తెచ్చే మంచితనం గురించి. అన్నీ నాలుక చివరికి వరసగా వచ్చి నిలబడ్డాయి. అతని ముఖం చూశాను. భయపడితే మా ఆవిడ కింది పెదవి లోపలికి మడుచుకునేది. అతనూ మడుచుకున్నాడు. ఆ ముఖం మీద ఒక్క మాట కూడా విసరలేకపోయాను. అది నా గొప్పతనం కాదు.

అమ్మాయి లేచింది. నా దగ్గరకొస్తుందనుకున్నాను. కాపాడింది నేను కదా. నన్ను దాటుకుని వెళ్ళి మావయ్య పక్కన కూచుని, అతని చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది.

"ఏం కాలేదు మావయ్యా. ఇదిగో, ఇక్కడే ఉన్నాగా."

ఇది కూడా అతనికే అనుకున్నాను. తప్పు చేసినా అతనికే. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. సరంగు నావంక చూసి, ఏదో అనబోయి, అరటిపండు ఒకటి తుంచి నా చేతిలో పెట్టాడు.

అప్పుడు అమ్మాయి వెనక్కి తిరక్కుండానే, మావయ్య చెయ్యి వదలకుండానే, రెండో చెయ్యి నావైపు చాచింది. "నాన్నా, కార్డేదీ?"

తెచ్చావా అని అడగలేదు. నేను తెచ్చి ఉంటానని దానికి తెలుసు. జేబులోంచి తీసి ఆ అరచేతిలో పెట్టాను.

గడియారాలు మార్చుకున్నారు. అమ్మాయి ఓ చేతిలో కార్డు, ఇంకో చేతికి ముప్ఫైనాలుగు పెట్టుకుని రెండూ చూసింది. "ఏది తక్కువంటే అంతసేపే," అని తనే తేల్చింది. మావయ్య ఇవాళ మానేద్దామన్నాడు. అమ్మాయి ఒప్పుకోలేదు. "నువ్వు రాకపోతే నీకు భయం ఉండిపోతుంది మావయ్యా," అంది. ఈసారి మా బావమరిది తన గడియారం ఒకటికి మూడుసార్లు చూసుకుని దిగాడు. ముగ్గురూ వెళ్ళారు. నేను మళ్ళీ కాళ్ళు నీళ్ళలో వేలాడేసుకుని కూచున్నాను. పిసినారి కార్డు చెప్పినదానికన్నా ముందే బుడగలు దగ్గరకొచ్చాయి, తలలు పైకి తేలాయి.

సాయంత్రం ఇంటికొచ్చాక మా బావమరిది మూడు గడియారాలూ వరండాలో పీట మీద పెట్టుకుని కూచున్నాడు. అమ్మాయి గోళ్ళరంగు సీసాలు తెచ్చి ఒక్కో పట్టీకి ఒక్కో రంగు చుక్క పెట్టింది. ఎర్రది తనకి, నీలంది మావయ్యకి, తెల్లది డాక్టరుగారికి. తెల్లది ఎందుకంటే పన్ను రంగట. అతను అన్నం వద్దన్నాడు. నేను రెండు గుడ్లు ఉడకబెట్టి తెచ్చి ముందు పెట్టాను. కాపురం పాడైనవాళ్ళలా కూచున్న ఆ రెండింటినీ కాసేపు చూసి, ఉప్పు కూడా వేసుకోకుండా తిన్నాడు.

"అక్కుంటే నా చెవి మెలేసేది బావా."

"మీ అక్కుంటే ముందు నా చెవి మెలేసేది. పొద్దున్నుంచీ పిల్ల మనసు పాడుచేసినందుకు." పీట దగ్గరికి జరిగాను. "ఒరేయ్, ఆ మీటలు ఎలా నొక్కాలో నాకూ నేర్పు."

"గుత్తబేరం మనిషికి మీటరెందుకు?"

"నీలాంటివాళ్ళు ఎక్కిన బండిలో మా పిల్ల కూచుంటోందిగా. అందుకు."

నవ్వాడు. ఎడమచెయ్యి నోటి దాకా వెళ్ళింది. అమ్మాయి ఆ చెయ్యి చూసింది. నేను అమ్మాయిని చూశాను. కడుపులో ఆ పాత మంట మళ్ళీ లేచింది. ఒక్క రోజులో ఆరిపోయేది కాదది.

"నాన్నా," అంది అమ్మాయి సీసా మూత బిగిస్తూ. "కిందనుంచి చూస్తే నువ్వు కనిపిస్తావు, తెలుసా?"

"నేనా?"

"నీ కాళ్ళు. నీళ్ళలో వేలాడుతూ ఉంటాయిగా. భయమేస్తే తలెత్తి చూస్తాను. గోళ్ళు మాత్రం కత్తిరించుకో నాన్నా, ఆ చాప చేపకన్నా అవే భయంగా ఉన్నాయి."

మావయ్యా మేనకోడలూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. నేను నా కాళ్ళు పంచె కిందికి లాక్కున్నాను. లోపలికెళ్ళి గోళ్ళు తీసుకున్నాను. పదీ తీసుకున్నాను.

దీపాలు పెట్టిన కాసేపటికే మా బావమరిది పడుకున్నాడు. భయం మనిషిని అలిసిపోయేలా చేస్తుంది. అమ్మాయి తన గదిలో పాట వింటోంది. కార్డు తలుపు పక్క మేకుకి మళ్ళీ వేలాడుతోంది. దాని పక్కనే అదే మేకుకి ఎర్రచుక్క గడియారం కూడా తగిలించి ఉంది. నేను కుళాయి కట్టేసి వస్తూ ముందుగది వాకిట్లో ఆగాను.

వెల్లకిలా పడుకున్నాడు. చెయ్యి నుదుటి మీద, కింది పెదవి కొద్దిగా లోపలికి. వరండా వెలుతురు ముఖం మీద పడుతోంది. ఇన్నాళ్ళూ ఆ ముఖంలోకి మా అమ్మాయి చూస్తుంటే నేను పిల్లనే గమనించాను. ఆ ముఖాన్ని ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. ఎవరూ లేరు కదా అని నేనూ కాసేపు చూసుకున్నాను.

వెలుతురు కళ్ళలో పడి లేస్తాడేమోనని, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేశాను.